రొండిని దోపుకొను చాకు



ఈ నెల మీతో ముచ్చటింపదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. అఱచేత నిముడును, రొండిని దోపుకొన్న నున్నదో లేదో తెలియదు. అది మడత చాకు. "కత్తిపీటయు, కూరల కత్తియు, కత్తెరయు నున్న యింట మరల నీ చాకెందులకు?" అని మీలో కొంద రడుగవచ్చును. నిన్న నుదయము మొదలు రాత్రి వఱకు మీరు పంటితో చింపిన వస్తువు లెన్నియో యొక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొనుడు. పాలపొట్లము మూల, పూలమాల దారము, కొత్త రవికకు గుచ్చిన ధరచీటి, కొరియరు కుఱ్ఱవాడు తెచ్చిన పెట్టెమీది టేపు, పచ్చడి పొట్లము - నేను లెక్కించి చూడగా నా వంతు పదునొకటి తేలినవి. పంటివైద్యురాలు నా ముందుపంటి యంచు విఱిగి యుండుట చూచి "దారాలు కొఱుకుతారా అమ్మా?" అని యడిగినపుడు సిగ్గుతో తలవంచుకొంటిని.

కత్తిపీట వంటయిల్లు దాటి రాదు. కత్తెర పిల్లలలో నెవరి పుస్తకముల సంచిలో నున్నదో ఆ దేవునికే తెలియవలెను. మగవారి చొక్కాలకు జేబులు గలవు గనుక చాకు వారి సొత్తయి పోయినది. మన చీరలకు జేబు లేదు. కాని రొండి గలదు, తాళపుచెవుల గుత్తి గలదు, చేతిసంచి గలదు. ఈ మూడింటిలో దేనియం దిమిడినను చాలును.

అయినను నే నీ విషయమున బడుటకు కారణము నా పన్ను కాదు, మా యత్తగారు. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. ఆమె తండ్రిగారు మదరాసులో గుమాస్తాగా నుండినపుడు కొనుక్కొన్న చాకు నొకదానిని, కూతురు కాపురమునకు వచ్చునపుడు ఆమె చేతిసంచిలో వేసి పంపిరట. ఎముక పిడి, అరచేతి వెడల్పు కంటె నధికము గాని పొడవు. షెఫీల్డు అను ఇంగ్లాండు పట్టణము పేరు మాత్రము అలుగు మొదట నింకను చదువవచ్చును. చేసినవారి పేరు అరిగిపోయినది. దాదాపు అరువదేండ్లు ఆమె ఆ చాకుతోనే జామకాయ కోసెను, పెన్సిళ్ళు చెక్కెను, మనుమల గాలిపటములకు ఈనెలు చీల్చెను. నూఱి నూఱి అలుగు గరికపోచవలె సన్నగిల్లినది. లోపలి స్ప్రింగు నీరసించినది. రెండేండ్ల క్రిందట జామకాయ కోయుచుండగా చాకు తటాలున మడచుకొని ఆమె చూపుడువ్రేలిపై బడెను. నాలుగు కుట్లు పడినవి. నాటి సాయంకాలమే మావారు దానిని బీరువాలో బెట్టి తాళము వేసి, "ఇక నీకేం కావాలన్నా కోడలు కోసిస్తుందిలే అమ్మా" అనిరి. మేమందఱమును అదియే సబబనుకొంటిమి.

అటుపిమ్మట నామె పండ్లు తినుట మానివేసెను. మేము వెంటనే కనిపెట్టలేదు. "జామకాయ కోయనా అత్తయ్యా?" యని నేనడిగిన, "వద్దులే తల్లీ, పళ్ళు పులుస్తాయి" అనును. ఒకనాటి మధ్యాహ్నము కునుకు తీసి లేచి వసారాలోనికి వచ్చునప్పటికి ఆమె బత్తాయి నొకదానిని గోటితో చీల్చుటకు పెనుగులాడుచుండెను. రసము కొంగుపై గాఱుచుండెను. నన్ను చూచి పండును ఒడిలో దాచుకొనెను. ఆమె మానినది పండ్లను గాదు, అడుగుటను. నా కది రెండేండ్లకు తెలియవచ్చినది.

ఆమె కుడి బొటనవ్రేలి మొదటి కీలు అరిగినది. ఏబది దాటిన స్త్రీలలో ఈ కీలు అరుగుట తఱచు. కాబట్టి నేను వెదకవలసిన చాకునకు రెండే లక్షణములు: ఆ వ్రేలితో తెఱువ వీలుగా నుండవలెను, తెఱచిన పిదప తనంత తాను మడచుకొనరాదు. వినుటకు సులభముగా నున్నది గదా! ఈ రెండును ఒకదాని కొకటి శత్రువులని బజారునకు బోయిన పిమ్మట దెలిసినది.

ఎట్లన, మామూలు మడత చాకు పిడి వెన్నులో నొక యుక్కు బద్ద స్ప్రింగుగా నుండును. అలుగు మొదలును ఆ బద్ద నొక్కి పట్టుకొనును. తెఱచునపుడు సగము దాక మొరాయించి తరువాత ఠక్కున నిలుచునది అందుచేతనే. బద్ద బిగువుగా నున్నచో అలుగు నిలకడగా నుండును గాని తెఱచుటకు గోరు విఱుగును. వదులుగా నున్నచో సుఖముగా తెఱచుకొనును, అంతే సుఖముగా వ్రేలిపై మూసికొనును. ఇదిగాక యీ బద్ద అలుగును ఆపునే గాని బంధింపదు. ఎంత మంచి చాకైనను వెన్నువైపు గట్టిగా నొత్తినచో మడచుకొనవలసినదే. జామకాయ గింజలయొద్ద అలుగు చిక్కుకొన్నపుడు మనము దానిని అటునిటు కదలించి లాగుదుము, ప్రమాద మప్పుడే. చాకుతో పొడుచుటయు, మెలిపెట్టి పెకలించుటయు కూడదని పెద్దలు చెప్పిన దిందులకే.

మొదట మా యూరి బజారులో నొక చాకు కొంటిని. చేసినవారి పేరు చెప్పను. మెఱపు మిక్కిలి, వెల స్వల్పము. దానియం దొక మీట గలదు. ఆ మీట అలుగును పట్టి యుంచునని దుకాణదారు ప్రమాణము చేసెను. ఇంటికి వచ్చి, అలుగు వెన్నును మడచిన తువ్వాలు మీద ఆనించి మెల్లగా నొత్తి చూచితిని. మూడవ యొత్తునకు మీట జాఱి అలుగు మడచుకొన్నది. కొనినవా రెల్లరు వ్రేళ్ళను దూరముగా నుంచి యీ పరీక్ష చేసి చూచుకొనవలెనని నా మనవి. తాళము వేయని చాకు కంటె, తాళము వేసినట్లు నటించు చాకు చెడ్డది.

రెండవది స్విట్జర్లాండు దేశపు ఎఱ్ఱచాకు. దీని కథ మనకు నచ్చునట్టిది. కార్ల్ ఎల్సెనర్ అను నతడు 1884 లో ఇబాఖ్ అను గ్రామమున కత్తుల కార్ఖానా పెట్టి, 1891 లో తన దేశపు సైనికులకు చాకు లందించుట కారంభించెను. పలు పనిముట్లు గల 'ఆఫీసరు చాకు'ను 1897 లో నమోదు చేయించెను. 1909 లో తల్లి విక్టోరియా మరణింపగా ఆమె పేరునే తన సరకునకు ముద్రగా బెట్టెను. 1921 లో త్రుప్పుపట్టని ఉక్కు వాడుకలోనికి వచ్చినపుడు, ఆ యుక్కునకు ఫ్రెంచిలో గల 'ఇనాక్స్' అను పొట్టిపేరు ఆ తల్లి పేరునకు జోడింపబడి 'విక్టోరినాక్స్' అయినది. సైనికుల జేబులలో నొక తల్లి పేరు ఇంతకాలము తిరుగుచున్నదని తెలిసినవారు తక్కువ.

వీరి చాకులలో 'క్లాసిక్' అనునది 58 మిల్లీమీటర్ల పొడవు, సుమారు 21 గ్రాముల బరువు. తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనవచ్చును. చిన్న అలుగు, గోళ్ళ ఆకురాయి, కత్తెర, ముల్లు దీయు పట్టకారు, పంటిపుల్ల దానిలో నున్నవి. ఆ కత్తెరను గూర్చి యెంత చెప్పినను తక్కువయే. రవికల దారములు, మందుబిళ్ళల అట్టలు, పసిపిల్లల గోళ్ళు - వీనికి దానిని మించినది నేను చూడలేదు. నా పంటి బాధ తీర్చిన దిదియే; నాటినుండి నా గుత్తికే యున్నది. కాని దాని అలుగు మన చిటికెనవ్రేలి కంటె పొట్టి. జామకాయను గీయగలదు, కోయలేదు. అలుగుపై గోరు దూర్చు గాడియు దాని పరిమాణమునకు దగినట్లు సన్నముగా నుండును. అత్తగారు దానిని చేతబట్టి త్రిప్పి చూచి, "బొమ్మలా ఉందే" యని నవ్వి తిరిగి యిచ్చివేసెను. తొంబదియొక్క మిల్లీమీటర్ల పెద్ద ఆఫీసరు చాకుల అలుగు పండ్లకు జక్కగా సరిపోవును. గోరును వ్రేలును గట్టిగా నున్నవారు అట్టిది తీసికొనవచ్చును. మా వెదుకులాట మాత్ర మింకను ముగియలేదు.

మూడవది జపాను చాకు, 'హిగోనొకామి'. హ్యోగో రాష్ట్రమున మికి అను నూర పుట్టినది. అక్కడి బడిపిల్ల లొకప్పుడు పెన్సిళ్ళు దీనితోనే చెక్కుకొనెడివారు. ఇందు స్ప్రింగు లేదు, తాళము లేదు. మడచిన రేకు పిడిలో అలుగు బిగువుగా నిలిచియుండును. అలుగు మొదట చిన్న తోకవలె నొక మీట బయటికి వచ్చియుండును. దానిని బొటనవ్రేలితో నొక్కిన అలుగు లేచును. కోయుచున్నంతసేపు ఆ తోకపై వ్రేలు బెట్టి యుంచినచో మడచుకొనదు. దీనికంటె నిరాడంబరమైన యంత్రము లేదు. కాని ఆ తోకను నొక్కి పట్టుకొనవలసినది బొటనవ్రేలే! నొప్పివ్రేలిని నమ్ముకొని పదునైన అలుగు నుంచుట నాకు ధైర్యము చాలలేదు.

నాలుగవది ఫ్రాన్సు దేశపు సవాయి పర్వతప్రాంతమునుండి వచ్చిన కొయ్యపిడి చాకు. 1890 లో జోసెఫ్ ఒపినెల్ అను నతడు దీనిని రూపొందించెను. 1897 నాటికి ఒకటి మొదలు పండ్రెండు వఱకు పరిమాణములు ఏర్పడినవి. వానిలో ఒకటవ, పదునొకటవ సంఖ్యలు తరువాత మానివేయబడినవి. బీచి అను చెట్టు కొయ్యతో చేసిన గుండ్రని పిడి, దాని కొన నొక ఇనుప పొన్ను, ఒక్క చీల, ఒక అలుగు - ఇంతే. మన పొన్నుకఱ్ఱ నెఱిగినవారికి దీని రూపము వింతగా దోపదు. ఇందును స్ప్రింగు లేదు. అలుగు కొయ్య నడుమ నొరసికొని నిలుచును. 1955 లో ఆ పొన్నుపై మఱియొక చీలిక యుంగరమును చేర్చిరి. అలుగు తెఱచి ఉంగరమును ప్రక్కకు త్రిప్పినచో దాని యంచు అలుగు మొదటి కడ్డు వచ్చును. ఉంగరమును వెనుకకు త్రిప్పువఱకు అలుగు మడచుకొనదు. ఆరవ సంఖ్య మొదలు పెద్దవాని కీ యుంగర ముండును. అంతకంటె చిన్నవాని కుండదు, కొనునపుడు చూచుకొనవలెను. ఆరవ సంఖ్య అలుగు 7 సెంటీమీటర్లు. జామకాయకు, బత్తాయికి, మామిడికాయకు చాలును.

తువ్వాలు పరీక్షలో నిది కదలలేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి అత్తగారే కనిపెట్టెను. ఈ చాకు మూసియున్నపుడు కూడ అలుగులో కొంత భాగము పిడికి పైన నిలిచియుండును. గోటితో పని లేకుండ దాని రెండు ప్రక్కలను చూపుడువ్రేలి కణుపుతోను నడిమివ్రేలితోను పట్టి లాగవచ్చును. బొటనవ్రేలు ఊరక యుండును. ఉంగరమును మాత్ర మెట్లు త్రిప్పుట? ఆమె పమిటచెంగును దానిపై జుట్టి, అఱచేతితో దొరలించెను, అది తిరిగెను. "చూశావటే!" అనెను. రెండేండ్ల తరువాత ఆ గొంతున ఆ మాట వింటిని.

ఈ చాకునకు దోషము లేకపోలేదు. కొయ్య గనుక తేమకు ఉబ్బును. వర్షకాలమున అలుగు పిడిలో బిగిసికొని రాక మొండికెత్తును. ఆ దేశపువారు పిడి తోకను బల్లపై టక్కున గొట్టెదరు; ఆ యదటునకు అలుగు కొంచెము పైకి లేచును. మన సముద్రతీరపు టూళ్ళలో నిది వానకాలమంతయు చేయవలసివచ్చును. నేను చీలదగ్గఱ కొయ్యపై తేనెమైనమును వెచ్చజేసి రెండుసారులు ఇంకించితిని. నాటినుండి నయముగా నున్నది. నీటిలో నానబెట్టుట, గిన్నెలతోపాటు తొట్టిలో వేయుట దీనికి మృత్యువే.

అలుగు ఏ యుక్కుదై యుండవలెను? ఈ ప్రశ్న మన కత్తిపీట నడిగినను చెప్పును. అరటికాయ కోసిన కత్తిపీట నల్లబడుట మీరెఱుగనిది గాదు; ఇనుమునకును కాయలోని వగరునకును గల వైరమది. మామూలు కార్బను ఉక్కు సులభముగా పదునెక్కును, గాని నిమ్మకాయకు, మామిడికాయకు నల్లబడి, తుడువకున్న త్రుప్పు బట్టును. నూటికి పదిన్నరపాళ్ళకు తక్కువ గాకుండ క్రోమియము కలిసిన ఉక్కు త్రుప్పునకు లొంగదు. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913 లో నట్టి ఉక్కును పోతపోసిన పిదపనే యది కత్తులలోనికి వచ్చినది. చింతపండు, ఉప్పు, నిమ్మరసము నడుమ సంసారము చేయు మనకు త్రుప్పుపట్టని దానినే కొనుమందును. ఒపినెల్ రెండు విధములుగను దొరకును.

పదును విషయమున మన యాడువారి కొక భ్రమ కలదు - మొద్దు కత్తి క్షేమమని. మొద్దు కత్తిని బలముగా నొత్తుదుము, ఒత్తినదే జాఱును. నెల కొకమారు సానరాతిని తడిపి, అలుగును రాతినుండి రెండు రూపాయి నాణెముల మందమంత యెత్తి, అటు పదిసార్లు ఇటు పదిసార్లు నూఱిన చాలును. తరువాత పొడిగుడ్డతో తుడిచి చీలదగ్గఱ నొక చుక్క కొబ్బరినూనె. పిల్లలకు మూసిన చాకునే యీయవలెను. మా యింట కత్తిని చేతినుండి చేతికి ఈయరు. క్రింద బెట్టిన నెదుటివారు తీసికొందురు. మూఢాచార మనుకొనుచుంటిని గాని, ఇప్పుడు నేనే మనుమలకు నేర్పుచున్నాను.

ఒక సోదరి యీ చాకు సంగతి విని, "ఆత్మరక్షణకు కూడా పనికొస్తుంది గదా" అనెను. నేనా మాట నొప్పుకొనను. గుత్తినుండి తీసి, రెండు చేతులతో తెఱచి, ఉంగరము త్రిప్పులోపల జరుగవలసినది జరిగిపోవును. మనకంటె బలవంతుని చేతికి మనమే కత్తి నందించినట్లగును. అట్టి సమయమునకు కేక, జనమున్న తావునకు పరుగు, ఫోనులో 112 - ఇవి వేఱు. చాకు జామకాయ కొఱకే.

చట్టము మాటయు నొకింత. మన దేశపు ఆయుధముల నిబంధనలలో తొమ్మిదంగుళముల కంటె పొడవో, రెండంగుళముల కంటె వెడల్పో గల అలుగులకు లైసెన్సు ప్రసక్తి వచ్చును. ఇంటిపనికిని సేద్యమునకును చేసినవి వేఱు. మీట నొక్కిన పాములెక్క లేచు చాకులు మాత్ర మెంత చిన్నవైనను మనకు వలదు. ఢిల్లీలో 1980 నాటి ఉత్తరు వొకటి యట్టివాని పొడవు వెడల్పులను గూడ పేర్కొని కట్టడి చేసినది. విమానమున బోవువారు చాకును చేతిసంచిలో నుంచరాదు. దిగువ సామానులో వేయవలెను. ఈ సంగతి తెలిసియు నే నొకసారి మఱచి, తనిఖీ బల్లపై నా ఎఱ్ఱచాకును వదలి వచ్చితిని. ఇప్పుడు గుత్తికున్నది రెండవది. తప్పు నాదే గాన ఎవరి మీదను కోపము లేదు.

అత్తగారికి చాకు నిచ్చిన నాడు మఱియొక ముచ్చట జరిగెను. కత్తిని కానుక యిచ్చిన స్నేహము తెగునని ఇంగ్లాండు, ఫ్రాన్సు దేశములలో నొక నమ్మకము. అందుచే పుచ్చుకొనువా రొక చిల్లరనాణెము నిచ్చి కొన్నట్లు చేయుదురు. ఇది చెప్పగానే ఆమె కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ నొకటి నా చేతిలో బెట్టి, "ఇక ఇది నాది. బీరువాలో పెట్టడానికి మీ ఆయనకు హక్కు లేదని చెప్పు" అనెను. మావా రచటనే యుండిరి. పత్రిక చదువుచున్నట్లు నటించిరి.

నేడు నేను పిలువకయే మధ్యాహ్నము వసారాలోనుండి జామకాయ ముక్కలు ఉప్పుకారముతో వచ్చుచున్నవి. ఎక్కువ తక్కువలుగా నున్న ముక్కలు. ఆమె కోసినవని చూడగనే తెలియును.

ఇక నొక్క ప్రార్థన. ఆమె తండ్రిగారి పాత చాకు బీరువానుండి బయటికి వచ్చినది. ఆమె పెట్టెలో పట్టుగుడ్డలో నున్నది. దాని వెన్నులోని స్ప్రింగుబద్దను మార్చి, అలుగును విఱువక బిగింపగల పనివా డెవరైన మీ యూర నుండినచో ఈ శీర్షికకు వ్రాయుడు. మా యూరిలో ముగ్గురిని అడిగితిని. ముగ్గురును క్రొత్తది కొనుక్కొమ్మనిరి.